పండుగ మార్గానిది, పరీక్ష పెట్టెది

నగర రైలు వ్యవస్థలకు యాభై, వంద, నూటయాభై ఏళ్లు నిండినప్పుడు జరిగే వేడుకలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఫొటోల ప్రదర్శన, ప్రత్యేక తపాలా బిళ్ల, స్టేషన్లో ఒక శిలాఫలకం, మంత్రిగారి ప్రసంగం. వీటి కోసం రైలు వ్యవస్థ పెద్దగా శ్రమపడనక్కరలేదు. పాత రైలుపెట్టెను ఒకదాన్ని బాగుచేసి, అవే పట్టాల మీద, టికెట్టు కొన్న ప్రయాణికులను ఎక్కించి, మామూలు సర్వీసుల నడుమ నడపాలని ఎవరైనా సంకల్పించినప్పుడే అసలు కష్టం మొదలవుతుంది. వార్షికోత్సవం మార్గానికి జరుగుతుంది. ఆ మార్గమేమో ఈ పెట్టెకు ఎప్పుడో పరాయిదై ఉంటుంది. విద్యుత్తు మారి ఉంటుంది, సిగ్నళ్లు మారి ఉంటాయి, అగ్నిమాపక నిబంధనలు మారి ఉంటాయి. కొన్నిచోట్ల పట్టాల మధ్య దూరమే మారిపోయి ఉంటుంది. పెట్టెను మళ్లీ నిలబెట్టడం వడ్రంగుల, కమ్మరుల పని. మార్గం దాన్ని రానిచ్చేలా చేయడం అంతకంటే చిక్కైన పని.

ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపించే ఉదాహరణ లండన్ మెట్రోపాలిటన్ రైల్వే వారి 353వ నంబరు పెట్టె.

ప్రపంచంలో మొదటి భూగర్భ ప్రయాణికుల రైలు మార్గం, ఈ మెట్రోపాలిటన్ కంపెనీదే, 1863 జనవరి 10న లండన్‌లో ప్యాడింగ్టన్, ఫారింగ్డన్ వీధి మధ్య ప్రజలకు తెరుచుకుంది. తొలిరోజే సుమారు 38,000 మంది ప్రయాణించారు. 2013 జనవరికి ఆ మార్గానికి నూటయాభై ఏళ్లు. అప్పటికి అక్కడ ఏసీ ఉన్న కొత్త అల్యూమినియం బండ్లు తిరుగుతున్నాయి. వాటి మధ్య నుంచి ఆవిరి ఇంజను కట్టిన చెక్క పెట్టెల బండిని నడపాలన్నది లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం తలపెట్టిన పని. అందులో ప్రధాన ఆకర్షణగా ఎంచుకున్నది 353.

ఇక్కడే మొదటి మెలిక ఉంది. వేడుక 1863కు సంబంధించినది. పెట్టె మాత్రం 1892లో షెఫీల్డ్‌లోని క్రేవెన్స్ కర్మాగారంలో తయారైంది. దాన్ని లాగిన మెట్రోపాలిటన్ ఒకటో నంబరు ఇంజను 1898లో నీస్డెన్ వర్క్‌షాప్‌లో పుట్టింది. అంటే తొలిరోజును తలచుకోవడానికి తెచ్చిన బండిలోని ముఖ్యులిద్దరూ తొలిరోజున లేనివారే. అలాగని దీన్ని మోసం అనడానికి వీల్లేదు. తొలిరోజు నడిచిన పెట్టెలు గ్రేట్ వెస్టర్న్ రైల్వేవి. అవి పట్టాల మధ్య దూరం రెండు మీటర్లకు పైగా ఉన్న ఆనాటి బ్రిటిష్ బ్రాడ్‌గేజ్ బండ్లు. ఆ కంపెనీకీ మెట్రోపాలిటన్‌కూ చెడడంతో కొన్ని నెలల్లోనే అవి తప్పుకున్నాయి, 1869 నాటికి ఆ మార్గంలో బ్రాడ్‌గేజ్ బండ్ల రాకపోకలే ఆగిపోయాయి. ఆ పెట్టెల్లో ఒకటి నేటికీ మిగిలి ఉందనుకున్నా, ఈ మార్గంలో అది నిలబడటానికి పట్టాలే లేవు. ఆ తొలి దశాబ్దపు గుర్తుగా మిగిలిన 23వ నంబరు ఇంజను 1866 నాటిది. అది మ్యూజియంలో కదలకుండా నిలబడి ఉంది. కాబట్టి వేడుకకు కావలసిన సంవత్సరం కాదు, దొరికిన సంవత్సరమే పట్టాలెక్కుతుంది. ఈ సర్దుబాటును నిర్వాహకులు దాచనక్కరలేదు, కానీ ప్రచార పత్రాల్లో అది తరచూ చిన్న అక్షరాల్లోకి జారిపోతుంది.

353 ఇన్నాళ్లు బతికి ఉండటం వెనుక కథ కూడా గమనించదగ్గది. ఈ తరహా పెట్టెలకు ‘జూబిలీ’ అని పేరు. విక్టోరియా రాణి పాలనకు స్వర్ణోత్సవం జరిగిన 1887లో మొదటిసారి వచ్చినందువల్ల ఆ పేరు. నాలుగు చక్రాలు, చెక్క శరీరం, మొదటి తరగతి. 1905లో మెట్రోపాలిటన్ నగర మార్గాలకు విద్యుత్తు వచ్చింది. ఆవిరి ఇంజన్ల వెనుక నడవడానికి చేసిన పెట్టెలు ఒక్కసారిగా అక్కరకు రానివయ్యాయి. 353ను 1907లో సోమర్‌సెట్ తీరంలోని వెస్టన్, క్లీవ్‌డన్ అండ్ పోర్టిస్‌హెడ్ అనే చిన్న రైలు కంపెనీ కొనుక్కుంది. రాజధానిలో పట్టు దిండ్ల స్థాయిలో వెలిగిన పెట్టె పల్లెటూరి బండిలో చేరి మరో ముప్పై మూడేళ్లు తిరిగింది. 1940లో ఆ మార్గం మూతపడ్డాక చక్రాలు పోయాయి, కింది చట్రం పోయింది. మిగిలిన డొల్లను నేలమీద పెట్టి దుకాణంగా వాడుకున్నారు. 1974లో అది లండన్ ట్రాన్స్‌పోర్ట్ వారి మ్యూజియం సేకరణలోకి చేరింది. ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి మరమ్మతు లేకుండా నిల్వలోనే ఉండిపోయింది.

పాత రైలుపెట్టెల్లో చాలావాటి జాతకం ఇంతే. గౌరవంతో దాచినవాటి కంటే, చవకగా దొరికిన గది అని ఎవరో వాడుకున్నందువల్ల దక్కినవే ఎక్కువ. పొలంలో కొట్టంగా, సముద్రం ఒడ్డున వేసవి ఇల్లుగా, దుకాణంగా పనికొచ్చినంతకాలం పైకప్పు కారకుండా చూసుకునే మనిషి ఒకడుంటాడు. ఇనుము మాత్రం ఆ అదృష్టానికి నోచుకోదు. చక్రాలకూ ఇరుసులకూ తుక్కు మార్కెట్లో ధర పలుకుతుంది గనుక అవి ముందే అమ్ముడుపోతాయి. అందువల్ల పునరుద్ధరణకు చేతికొచ్చే పెట్టెలు సాధారణంగా కాళ్లు లేనివి.

353ను బాగుచేసే పని వేల్స్‌లోని బోస్టన్ లాడ్జ్ వర్క్‌షాప్‌కు అప్పగించారు. లాటరీ డబ్బుతో వారసత్వ పనులకు సాయం చేసే బ్రిటిష్ సంస్థ హెరిటేజ్ లాటరీ ఫండ్ నిధులిచ్చింది. ఈ ఎంపిక పైకి వింతగా కనిపిస్తుంది. బోస్టన్ లాడ్జ్ ఫెస్టినియోగ్ రైల్వేది. పలకరాయిని గనుల నుంచి రేవుకు చేర్చడానికి 1836లో మొదలైన ఆ రైల్వే పట్టాల మధ్య దూరం కేవలం 597 మిల్లీమీటర్లు. లండన్ పెట్టె ఆ పట్టాల మీద ఒక్క అడుగు కూడా వేయలేదు. అయినా పెట్టె అక్కడికే వెళ్లింది. ఎందుకంటే చెక్కతో రైలుపెట్టె కట్టే విద్య అక్కడ తెగిపోలేదు. 1870ల నాటి తమ పెట్టెలను వాళ్లు ఇప్పటికీ నడుపుతున్నారు, అవసరమైతే అదే పద్ధతిలో కొత్తవి కడుతున్నారు. పెద్ద రైల్వేలు ఉక్కుకు, తర్వాత అల్యూమినియానికి మారిన కొద్దీ వడ్రంగి విభాగాలను మూసేశాయి. పెద్ద నగరపు వేడుకకు కావలసిన నైపుణ్యం ఒక చిన్న కొండ రైలు దగ్గర మిగిలింది.

చెక్క పెట్టె ఎక్కడ చెడుతుందో అనుభవమున్న వడ్రంగికి చూడకుండానే తెలుసు. పైభాగం చాలావరకు బాగానే ఉంటుంది. కిటికీ అద్దం కిందికి జారి తలుపు లోపలి అరలోకి దిగే నిర్మాణం గనుక, అద్దంతోపాటు వాననీరు కూడా ఆ అరలోకి దిగుతుంది. బయటికి పోయే రంధ్రం మూసుకుపోతే నీరు అక్కడే నిలిచి, తలుపు అడుగు చట్రం, నిలువు గుంజల పాదాలు కుళ్లుతాయి. గుంజ మొత్తం మార్చడం సులువు. కుళ్లిన ముక్క వరకే ఏటవాలుగా కోసి, అదే జాతి చెక్కను అతికి, పాత గుంజ పైభాగాన్ని నిలబెట్టడం కష్టం, ఖర్చు. మంచి వర్క్‌షాప్ రెండోదాన్నే ఎంచుకుంటుంది. ఆ కాలపు బ్రిటిష్ పెట్టెల్లో వాడిన టేకు చాలావరకు బర్మా నుంచి వచ్చేది. రంగూన్ రేవులోనూ మిల్లుల్లోనూ తెలుగు కూలీలు పెద్దసంఖ్యలో పనిచేసిన కాలమది. లండన్ మొదటి తరగతి మెరుపు వెనుక ఆ చెమట ఎంత ఉందో ఏ శిలాఫలకమూ చెప్పదు.

శరీరం సిద్ధమైతే సరిపోదు. కాళ్లు లేని పెట్టెకు వేరే చట్రం సమకూర్చాలి, దానిమీద శరీరం కుదురుకోవాలి, చక్రాల అంచు నేటి పట్టాల కొలతకు సరిపోవాలి. ఇరుసుల్లో కంటికి కనిపించని పగుళ్లున్నాయేమో శబ్ద తరంగాలతో పరీక్షించాలి. బ్రేకులు బండిలోని మిగతా వాహనాల బ్రేకులతో కలిసి పనిచేయాలి. కిటికీలకు పగిలినా గుచ్చుకోని అద్దం కావాలి. ఇవన్నీ పూర్తయ్యేసరికి అడుగున ఉన్నదంతా కొత్తదో, మరో వాహనానిదో అవుతుంది. పైన ఉన్నది మాత్రమే 1892. చూసేవారి కళ్లు వార్నిష్ మెరుపు మీదా బంగారు రంగు అక్షరాల మీదా ఉంటాయి గనుక ఈ తేడా ఎవరికీ పట్టదు. నిజానికి ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడేది కనిపించని ఆ కొత్త భాగం మీదే.

మరి ఏ సంవత్సరపు రూపానికి పెట్టెను తీసుకెళ్లాలి? 353 జీవితంలో లండన్ సేవ పదిహేనేళ్లకు మించదు. పల్లె రైలులో అంతకు రెట్టింపు కాలం తిరిగింది, దుకాణంగా ఇంకొంతకాలం గడిచింది. మొదటి తరగతి రూపానికి తీసుకురావడమంటే మిగతా గుర్తులను చెరిపేయడమే. రంగు పొరలను గోకి, ఒక్కో పొరను గుర్తించి అడుగుకు చేరుకునే పని శాస్త్రీయంగా జరగవచ్చు, కానీ ఏ పొర దగ్గర ఆగాలో చెప్పేది శాస్త్రం కాదు, వేడుక. మెట్రోపాలిటన్ 150 ఏళ్ల పండుగకు సోమర్‌సెట్ రంగు వేసుకుని వస్తే ఎవరూ నిధులివ్వరు. ఇందులో తప్పుపట్టాల్సింది ఎంపికను కాదు. ఎంపిక జరిగిందని నమోదు చేయకపోతే, తీసేసిన ముక్కలను దాచకపోతే తప్పు. యూరప్ వారసత్వ రైల్వేల సంఘం 2005లో ఆమోదించిన రీగా చార్టర్ కూడా దాదాపు ఇదే అడుగుతుంది: మార్పు చేయండి, కానీ చేసినదాన్ని రాసిపెట్టండి, వీలైనంతవరకు వెనక్కి తీసుకోగలిగేలా చేయండి.

మిగిలిన పెట్టె ఎవరిదనే ప్రశ్న కూడా ఉంది. మెట్రోపాలిటన్ రైల్వే లండన్‌ను మార్చింది మొదటి తరగతి వల్ల కాదు. 1864లోనే ఆ కంపెనీ తెల్లవారుజామున కార్మికుల కోసం చౌక బండ్లు నడిపింది. రానూపోనూ కలిపి మూడు పెన్నీలు. దూరాన చౌక అద్దెకు ఉంటూ నగరంలో పని చేసుకోవడం ఆ బండ్ల వల్లే వీలయింది. అయినా 2013లో అందరి కళ్లూ పడింది దిండ్ల సీట్ల మీదే. మొదటి తరగతి పెట్టె మెరుగైన చెక్కతో తయారవుతుంది, తక్కువగా అరుగుతుంది, అమ్మితే మంచి ధర వస్తుంది. కనుక దక్కే అవకాశమూ ఎక్కువే. ఆ తర్వాత ఫొటోలు తీసేవాళ్లకు నచ్చేదీ అదే.

2013 నాటి అదే బండిలో, పాత బండ్లను నడిపే బ్లూబెల్ రైల్వే నుంచి తెచ్చిన మరికొన్ని మెట్రోపాలిటన్ పెట్టెలు కూడా ఉన్నాయి. వీటిని చెషమ్ పెట్టెలంటారు. 1898–1900 మధ్య ఆవిరి బండి కోసం కట్టిన వీటిని తర్వాత విద్యుత్ రైలుగా మార్చారు, 1940 ప్రాంతంలో మళ్లీ ఆవిరి ఇంజను వెనుక నడిచేలా మార్చి చెషమ్ శాఖలో 1960 దాకా వాడారు. ఆ వెంటనే వాటిని ఔత్సాహికులు కొనుక్కున్నారు. అవి మధ్యలో నేలమీద పడి లేవలేదు, కాళ్లు పోగొట్టుకోలేదు. వాటి పునరుద్ధరణ 353 అంత వార్త కాకపోవడానికి కారణం అదే కావచ్చు. విచిత్రమేమిటంటే, ఎప్పుడూ వదిలేయకుండా చూసుకున్న వస్తువుకు వేడుకలో దక్కే స్థానం, చచ్చి బతికిన దానికంటే తక్కువ.

ఇక మార్గాన్ని ఒప్పించే పని. 1987 నవంబరు 18న లండన్ కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్లో చెక్క ఎస్కలేటర్ కింద అంటుకున్న మంట 31 మందిని బలితీసుకుంది. ఆ తర్వాత భూగర్భ స్టేషన్లలో పొగతాగడం మొదలు నిర్మాణ సామగ్రి దాకా ప్రతిదాని మీదా నిబంధనలు బిగుసుకున్నాయి, చెక్క ఎస్కలేటర్లు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. ఇప్పుడు సొరంగంలోకి, అదే కింగ్స్ క్రాస్ మీదుగా, బొగ్గు మండే ఇంజను వెనుక వార్నిష్ పూసిన చెక్క పెట్టెలను పంపాలి. అనుమతి దానంతటదే రాదు. సర్వీసులు లేని రాత్రివేళల్లో ప్రయోగాత్మకంగా నడిపి చూశారు. బండి వెనుక ‘సారా సిడన్స్’ అనే 1920ల నాటి మెట్రోపాలిటన్ విద్యుత్ ఇంజనును కట్టారు. ఆవిరి ఇంజను మొరాయిస్తే సొరంగంలో నిలిచిపోకుండా ఆదుకోవడానికీ, బ్రేకు బలానికీ అది అవసరం. అలా 1905లో ఆవిరిని తరిమేసిన విద్యుత్తే నూరేళ్ల తర్వాత ఆవిరికి జామీను నిలిచింది. జనవరి 13, 20 తేదీల్లో, రెండు ఆదివారాలు, బండి జనంతో నడిచింది.

తేదీ ముందే ఖరారై ఉండటం ఇలాంటి పనులకు వరమూ శాపమూ. జనవరి 2013 అనే గడువు లేకపోతే 353 ఇప్పటికీ నిల్వలోనే ఉండేదేమో. దశాబ్దాలుగా దొరకని డబ్బు ఒక అంకె వల్ల దొరికింది. కానీ చెక్క ఆరడానికీ వార్నిష్ పొరలు గట్టిపడటానికీ పట్టే సమయాన్ని ఏ కమిటీ తగ్గించలేదు. గడువు దగ్గరపడినప్పుడు మొదట కోతపడేది పరిశోధన, ఆ తర్వాత నమోదు. పండుగ అయ్యాక నిర్వహణకు డబ్బెవరిస్తారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. లండన్ ఈ విషయంలో తెలివిగానే వ్యవహరించింది. ఒక్క పండుగతో ఆపకుండా, 2014లో హామర్‌స్మిత్ మార్గానికి 150 ఏళ్లు, చెషమ్ శాఖకు 125 ఏళ్లు అని, 2019లో డిస్ట్రిక్ట్ మార్గానికి 150 ఏళ్లు అని వరుసగా సాకులు వెతికి ఆవిరి బండిని నడిపింది. ఖర్చు పెట్టి బాగుచేసిన వస్తువు అలా పనికొచ్చింది.

ఆ వరుస 2019 జూన్‌తో ఆగింది. ఆ మార్గాల్లో కంప్యూటర్ ఆధారిత కొత్త సిగ్నల్ వ్యవస్థ వస్తున్నందున మధ్య లండన్ సొరంగాల్లో ఆవిరి బండి నడవడం ఇదే చివరిసారని అప్పుడే ప్రకటించారు. రంగు దీపాలను డ్రైవర్ కళ్లతో చూసి నడిపే పద్ధతి పోయి, బండిలోని పరికరం నియంత్రణ కేంద్రంతో నిరంతరం మాట్లాడే పద్ధతి వస్తే, ఆ పరికరం లేని బండి వ్యవస్థ దృష్టిలో లేనట్టే. చెక్క కుళ్లలేదు, ఇరుసు పగల్లేదు, డబ్బు లేకా కాదు. మార్గమే తలుపు వేసుకుంది.

ఈ దృష్టితో చూస్తే ఏ నగరానికి పాత రైలు దక్కుతుందో, ఏ నగరానికి దక్కదో కొంతవరకు ముందే చెప్పవచ్చు. న్యూయార్క్ సబ్‌వే పట్టాల కొలత, మూడో పట్టా ద్వారా వచ్చే విద్యుత్తు మొదటినుంచీ దాదాపు అలాగే ఉన్నాయి. అందుకే 1930ల పెట్టెలు ఏటా డిసెంబరులో సొంత మోటార్ల మీదే తిరుగుతాయి, జనం స్వెటర్లు వేసుకుని ఎక్కుతారు. ముంబయి పరిస్థితి వేరు. భారతదేశంలో మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు 1,500 వోల్టుల డీసీ విద్యుత్తుతో నడిచింది. 2016 నాటికి ముంబయి లోకల్ మార్గాలన్నీ 25,000 వోల్టుల ఏసీకి మారిపోయాయి. 2025లో శతాబ్ది వచ్చేసరికి ఆనాటి పెట్టెను ఎంత అందంగా బాగుచేసినా, పైతీగ నుంచి అది ఒక్క మీటరు కూడా నడవగలిగే విద్యుత్తు తీసుకోలేదు. వెనుక మరో ఇంజను తోయాల్సిందే. చెన్నైది ఇంకా కష్టం. ఎన్నో తెలుగు కుటుంబాలకు కూడా రోజువారీ బండి అయిన బీచ్–తాంబరం లోకల్ 1931లో మీటర్‌గేజ్ మీద మొదలైంది. 1960ల చివర విద్యుత్తు మారింది, 2004లో మీటర్‌గేజే పోయింది. అక్కడి పాత పెట్టె తన సొంత మార్గంలో చక్రం మోపలేదు.

విద్యుత్ పెట్టెల పునరుద్ధరణ చెక్క పెట్టెల కంటే కష్టమని చాలామంది ఊహించరు. 353కు సొంత శక్తి లేదు. లాగే ఇంజను ఉంటే చాలు. విద్యుత్ లోకల్ పెట్టె తనంతట తాను నడిచే యంత్రం. దాని మోటార్లు, స్విచ్‌గేర్, కంట్రోలర్లు తయారుచేసిన కంపెనీలు మూతపడి ఉంటాయి, డ్రాయింగులు దొరకవు, తీగల చుట్టూ ఉన్న ఇన్సులేషన్‌లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. టేకును మళ్లీ కొనవచ్చు. ఎవరూ తయారుచేయని ఎలక్ట్రానిక్ కార్డును కొనలేరు. 1892 పెట్టె కంటే 1990ల పెట్టెను యాభై ఏళ్ల తర్వాత బతికించడమే కష్టం కావచ్చు.

హైదరాబాద్‌కు ఈ లెక్క దూరపు సంగతేమీ కాదు. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. 2028లో దానికి పాతికేళ్లు. భారతీయ రైల్వేల్లో లోకల్ విద్యుత్ పెట్టెల ఆయుష్షును కూడా సాధారణంగా పాతికేళ్లుగానే లెక్కిస్తారు. అంటే మార్గానికి రజతోత్సవం వచ్చే ఏడాదే తొలినాటి పెట్టెలు కాగితాల మీద తుక్కుకు సిద్ధమవుతాయి. ముంబయికీ చెన్నైకీ లేని సౌలభ్యం ఇక్కడ ఉంది: పట్టాలు అవే బ్రాడ్‌గేజ్, తీగలో అదే 25,000 వోల్టులు. సిగ్నల్ సంగతే అనుమానం. బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ భద్రతా వ్యవస్థ తొలి ప్రయోగాలు జరిగింది దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలోనే. అలాంటి పరికరం అమర్చడానికి డ్రైవర్ క్యాబిన్లో చోటు ఉందో లేదో పెట్టెను పక్కన పెట్టేముందే చూసుకోవాలి. ఒక్క పెట్టె దాస్తే చాలదు, మోటారు కోచ్‌తో సహా తనంతట తాను నడిచే యూనిట్ మొత్తం ఉండాలి. విడి భాగాలు కావాలి. వైరింగ్ డ్రాయింగులు కావాలి. మహిళల పెట్టె గుర్తులు, అప్పటి సీట్లు, గోడల మీది నోటీసులు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, ‘అందంగా’ మళ్లీ రంగులు వేయకూడదు. అన్నిటికంటే ముందు మౌలాలి కార్ షెడ్‌లోనో, 1893 నుంచి పనిచేస్తున్న లాలాగూడ వర్క్‌షాప్‌లోనో పైకప్పు ఉన్న ఒక పట్టా కేటాయించాలి. ఆ నిర్ణయం 2028లో తీసుకుంటే ఆలస్యమవుతుంది, వేలం జాబితా తయారయ్యేలోపే తీసుకోవాలి.